ఆకు పెడితే సబ్బులా ఉందట, చెట్టు పెడితే స్కూల్‌లా ఉందట

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇదీ.

ఆమె నాలుగేళ్ళుగా సొంతంగా గ్రాఫిక్ డిజైన్ పని చేసుకుంటున్నారు. కాలేజీ నాటి స్నేహితురాలు, ఇంకో నలుగురు కలిసి ఊరి బయట ఒక మైదానంలో రెండు రోజుల ఉత్సవం పెడుతున్నారు. పాటలు, బొమ్మలు, పిల్లలకు ఆటలు, మధ్యాహ్నం మొదలై రాత్రి పది దాకా. లోగో, రంగులు, పోస్టర్లు, దారి చూపే బోర్డులు, చేతికి కట్టుకునే బ్యాండ్లు, అన్నీ "ప్రకృతి స్ఫూర్తితో" ఉండాలని ఈమెకు అప్పజెప్పారు. స్నేహితురాలు అడిగింది కదా అని కాగితం మీద ఏమీ రాసుకోలేదు. డబ్బు మాట "తర్వాత చూద్దాంలే" దగ్గరే ఆగింది.

మొదటిసారి ఆకుతో చేసి పంపితే మూలికల సబ్బు డబ్బాలా ఉందన్నారు. చెట్టుతో చేస్తే స్కూల్ లోగోలా ఉందన్నారు. రెండోసారి తూనీగ బొమ్మ గీశారు, "ఇందులో ప్రకృతి ఎక్కడుంది?" అని అడిగారు. మూడోసారి వంపు గీతలతో ఏదో చేస్తే ఒకాయన బ్యాంకు గుర్తుకొస్తోందన్నాడు. మూడు విడతల్లో పద్నాలుగు లోగోలు. చివరికి ఒక అర్ధరాత్రి స్నేహితురాలు గ్రూపులో ఒక బొమ్మ పెట్టింది, కంప్యూటర్‌తో ఏఐ చేత గీయించినది. వేళ్ళు గిటార్‌లా మారిన చెట్టు, వెనక కొండలు, సూర్యుడు, నది, పక్షుల గుంపు. "ఇదిగో, నా మనసులో ఉన్నది ఇదే" అంది. మిగతా నలుగురూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఉత్సవానికి ఏడు వారాలే ఉంది. "చెప్పింది చెప్పినట్టు చేసి ఇచ్చేయనా, నా డిజైన్ కోసం గట్టిగా నిలబడనా, మానేయనా? మానేస్తే స్నేహం పోతుందని భయం. ఇంకో మాట, పుట్టి పెరిగింది అపార్ట్‌మెంట్‌లో, అసలు నాకు ప్రకృతి గురించి తెలియదేమో అనిపిస్తోంది. అన్నీ కలిపి చివరికి ప్లాస్టిక్ ఫ్లెక్స్ మీద అచ్చేస్తారు, ప్రకృతి పేరు చెప్పి నేను అబద్ధం అమ్ముతున్నానా అని కూడా టెన్షన్" అని రాశారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీ తరఫున కోపం తెచ్చుకున్నాను, అర్ధరాత్రి గ్రూపులో అలాంటి బొమ్మ పెట్టి చప్పట్లు కొట్టించడం ఏమిటని. రెండోసారి చదివినప్పుడు మాత్రం ఉత్తరం మధ్యలో మీరే పెద్దగా పట్టించుకోకుండా రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "మైదానం చూడ్డానికి ఒక్కసారే వెళ్ళాను, సాయంత్రం అయిదున్నర అయింది, గడ్డంతా ఎండిపోయి బంగారు రంగులో ఉంది, గట్టు దాకా చెట్లు నల్లగా కనిపిస్తున్నాయి, చెరువు మీద తూనీగలు తిరుగుతున్నాయి, అక్కణ్ణుంచే ఆ బొమ్మ వచ్చింది" అని రాశారు.

ఈ మాట ఆ అయిదుగురికి చెప్పారా? చెప్పలేదనుకుంటున్నాను, ఉత్తరంలో "బొమ్మలు పంపాను" అనే ఉంది గానీ "చెప్పాను" అని ఎక్కడా లేదు. వాళ్ళకు వాట్సాప్‌లో తెల్ల కాగితం మీద ఒక పురుగు బొమ్మ వచ్చింది, అంతే. ఆ చెరువు గానీ, సాయంత్రం వెలుగు గానీ దాంతో పాటు రాలేదు. వాళ్ళ తప్పు లేదని అనను, కానీ ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనివాళ్ళు "ప్రకృతి ఎక్కడుంది" అని అడగడం మరీ మూర్ఖత్వం కూడా కాదు.

అపార్ట్‌మెంట్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ప్రకృతి గురించి తెలియనివాళ్ళు గడ్డి ఆకుపచ్చగా ఉందని రాస్తారు. మీరు బంగారు రంగులో ఉందని రాశారు. నాకు ఆ ఒక్క మాట చాలు.

ఇప్పుడు అసలు చిక్కు. మీ సమస్య లోగో అని మీరు అనుకుంటున్నారు, వాళ్ళూ అదే అనుకుంటున్నారు. నాకు మాత్రం ఇందులో మూడు వేర్వేరు చిక్కులు ఒకదానికొకటి ముడిపడి కనిపిస్తున్నాయి: "ప్రకృతి స్ఫూర్తి" అంటే ఏమిటో ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, చివరి మాట ఎవరిదో ఎవరికీ తెలియదు, లోగోకూ పోస్టర్‌కూ తేడా ఎవరూ చూడలేదు. మూడోదే తేలిగ్గా విడిపోతుంది కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

స్నేహితురాలు పెట్టిన ఆ ఏఐ బొమ్మ లోగో కాదు, పోస్టర్. ఆమెకు కావలసింది పోస్టర్ ఇచ్చే నిండుదనం, మీరు చూపిస్తున్నది లోగో. చిన్న గుర్తును తెల్ల కాగితం మధ్యలో పెట్టి చూపిస్తే ఎవరికైనా వెలితిగానే ఉంటుంది. ఆకలితో వచ్చినవాళ్ళకు ఖాళీ కంచం ఎంత అందమైనదైనా చూపించి లాభమేముంది? పద్నాలుగు లోగోలు తిరిగి రావడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. ఈ పొరపాటు మనందరం చేస్తాం, నేనూ చేశాను, చాలాసార్లు.

అందుకని ఆ బొమ్మ మీద కోపం కాసేపు పక్కన పెట్టి, దాన్ని వాళ్ళు రాసిన ఉత్తరం అనుకుని చదవండి. అందులో వాళ్ళకు నచ్చింది గిటార్ వేళ్ళు కాకపోవచ్చు. సాయంత్రపు వెలుగు అయ్యుండొచ్చు, జనం నిండుగా ఉన్నారన్న భావన అయ్యుండొచ్చు, పాటా చెట్టూ ఒకే చోట కలవడం అయ్యుండొచ్చు. ఫోన్ చేసి "ఈ బొమ్మలో ఒక్కటే ఉంచుకోవాలంటే ఏది ఉంచుతావు?" అని అడగండి. వచ్చే జవాబుతో మీకు పని ఉంటుంది. బొమ్మను మాత్రం ఉన్నది ఉన్నట్టు లోగోగా వాడటం కుదరదు, ఎందుకో మీకు తెలుసు గానీ వాళ్ళకు చూపించాలి. మాటలతో వద్దు. దాన్ని 15 మిల్లీమీటర్ల వెడల్పుకు తగ్గించి అచ్చు తీసి, కత్తిరించి, మణికట్టుకు చుట్టి ఫొటో పంపండి. గుడ్డ బ్యాండ్లు ఇంచుమించు అంత వెడల్పే ఉంటాయి. పక్షుల గుంపు ఇంకు చిందినట్టు ఉంటుంది, నది గీరుకుపోయినట్టు ఉంటుంది. ఇక పెద్ద బ్యానర్‌కి సాగదీస్తే చుక్కలు చుక్కలుగా పగిలిపోతుంది, అది చుక్కలతో కట్టిన బొమ్మ, గీతలతో కట్టినది కాదు. హక్కుల గొడవ ఒకటి ఉంది, అమెరికాలో కాపీరైట్ కార్యాలయం మనిషి సృజన లేకుండా యంత్రం ఒక్కటే తయారు చేసిన బొమ్మకు నమోదు ఇవ్వదు, అంటే రేపు ఇంకెవరైనా అదే వాడుకుంటే వీళ్ళది అని చెప్పుకోవడం కష్టం. ఈ మాట మరీ నొక్కి చెప్పకండి, బెదిరించినట్టు ఉంటుంది. బ్యాండ్ ఫొటో చాలు.

ఇక "ప్రకృతి స్ఫూర్తి" అన్న మాట. ఇది వినగానే ప్రపంచంలో సగం మంది డిజైనర్ల చెయ్యి ఆకు గీస్తుంది, మిగతా సగం చెట్టు గీస్తుంది. సబ్బుకూ స్కూలుకూ ఇన్సూరెన్సుకూ అన్నిటికీ అదే ఆకు. మీ వాళ్ళు వెక్కిరించినట్టు అనిపించినా, సబ్బు డబ్బా అన్న మాటలో నిజం ఉంది. ఆ ఆకు ఏ చెట్టుదో చెప్పగలరా? ఏ చెట్టుదీ కాని ఆకు కాబట్టే ఎక్కడైనా అతుకుతుంది, ఎక్కడా నిలవదు.

1972లో జర్మనీలో జరిగిన మ్యూనిక్ ఒలింపిక్స్ సంగతి చెబుతాను. డిజైనర్ ఓటల్ ఐషర్ బృందం ఆ పోటీలకు డిజైన్ చేసింది. వాళ్ళు ఎక్కడా కొండ బొమ్మ వేసి ఇది మా ప్రాంతం అని చెప్పలేదు, ఆ చుట్టుపక్కల నేల, ఆకాశం, కొండల రంగుల నుంచి లేత నీలం, ఆకుపచ్చ లాంటి రంగులు తీసుకుని, వాటినే జెండాల మీద, టికెట్ల మీద, పనిచేసేవాళ్ళ దుస్తుల మీద పరిచారు. నాజీల కాలంలో 1936లో జరిగిన బెర్లిన్ ఒలింపిక్స్ గుర్తుకు రాకూడదని ఎరుపును కావాలనే పక్కన పెట్టారు. అంటే ఏ రంగు వాడాలో ఎంత ఆలోచించారో ఏది వద్దో కూడా అంతే ఆలోచించారు. మీ వాళ్ళతో మాట్లాడేటప్పుడు "మనకు ఏది వద్దు?" అన్న ప్రశ్న ముందు వెయ్యండి, జనం దానికి చాలా త్వరగా జవాబు చెబుతారు.

ఇంకో ఉదాహరణ, 1969 వుడ్‌స్టాక్ పోస్టర్. అదీ అమెరికాలో ఆరుబయట జరిగిన పాటల ఉత్సవమే. ముందు అనుకున్న చోటు చివర్లో చేజారిపోవడంతో కొత్త పోస్టర్ కావలసి వచ్చింది, ఆర్నాల్డ్ స్కోల్నిక్ కొద్ది రోజుల్లోనే రంగు కాగితాలు కత్తిరించి చేశాడు. ఎర్రటి నేపథ్యం, గిటార్ మెడ మీద వాలిన ఒక తెల్ల పిట్ట. ఒక్క ఆకు లేదు. మీ స్నేహితురాలి బొమ్మలో ఉన్నవి కూడా గిటారూ పక్షులే, గమనించారా? తేడా ఏమిటంటే అక్కడ పిట్ట ఒక్కటే. ఇది ఆమెకు చూపిస్తే తన ఆలోచనను కొట్టిపారేసినట్టు ఉండదు, తన ఆలోచనే ఇంకాస్త ముందుకు వెళ్ళినట్టు ఉంటుంది.

మీ తూనీగ దగ్గరికి వస్తాను, ఎందుకంటే దాన్ని మీరు తొందరపడి వదిలేశారు. తూనీగ మొత్తం బొమ్మ గీస్తే పురుగే కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. రెక్క ఒక్కదాన్నే దగ్గరగా చూడండి. ముందు అంచు వెంట గళ్ళు పొడుగ్గా, దాదాపు దీర్ఘచతురస్రాల్లా వరసగా ఉంటాయి, వెనక్కి వచ్చేకొద్దీ చిన్నవై అయిదు మూలలూ ఆరు మూలలూ ఉన్న గళ్ళుగా విడిపోతాయి. రెక్క కొసకు దగ్గరలో అంచు మీద ఒక ముదురు మచ్చ ఉంటుంది. అది అలంకారం కాదు, ఆ కొంచెం బరువు వల్లే గాలిలో సాగేటప్పుడు రెక్క అదరకుండా ఉంటుంది. ఇప్పుడు ఇది చూడండి: పొడుగు గళ్ళు మీ కార్యక్రమాల పట్టిక, ఏ వేదిక మీద ఎన్ని గంటలకు ఎవరు. చిన్న గళ్ళు పోస్టర్ వెనక అల్లిక. ఆ ముదురు మచ్చ, "మీరు ఇక్కడ ఉన్నారు" అని మ్యాప్ మీద చూపే గుర్తు. ఒక రెక్క ముక్క నుంచి మొత్తం ఉత్సవానికి సరిపోయే పద్ధతి వచ్చేస్తుంది. ఎవరూ "ఇది తూనీగ" అని గుర్తుపట్టనక్కర్లేదు కూడా. పట్టినవాళ్ళు సంతోషిస్తారు, పట్టనివాళ్ళకు గళ్ళు గళ్ళుగా బాగుంటుంది.

ఇదే చెయ్యమని కాదు. ఎండిన గడ్డి మీద అయిదున్నరకు పడే పొడుగాటి నీడల నుంచి కూడా ఇలాంటి పద్ధతే రావచ్చు, చెట్టు బెరడు పగుళ్ళ నుంచి రావచ్చు. పొద్దుతిరుగుడు గింజలు ఒకదాని తర్వాత ఒకటి సుమారు 137.5 డిగ్రీల కోణం తిరిగి పేర్చుకుంటాయి, ఆ కోణం తీసుకుని చుక్కలతో అల్లిక చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. అందంగానే ఉంటుంది, కాకపోతే మీ మైదానంలో పొద్దుతిరుగుడు లేకపోతే మళ్ళీ సబ్బు డబ్బా దగ్గరికే వస్తాం.

రంగుల గురించి ఒక హెచ్చరిక, ఇది నా సొంత అనుభవం. చాలా ఏళ్ళ క్రితం ఆరుబయట జరిగే ఒక కార్యక్రమానికి బోర్డులు చేశాను, ముదురు ఆకుపచ్చ మీద లేత ఆకుపచ్చ అక్షరాలు, స్క్రీన్ మీద చూసుకుని మురిసిపోయాను. వాటిని చెట్ల వరసకు ఆనించి కట్టారు. నేను కట్టించిన బోర్డు కోసం నేనే వెతుక్కున్నాను. మంచినీళ్ళు ఎక్కడ అని జనం వాలంటీర్లను అడుగుతూనే ఉన్నారు, బోర్డు వాళ్ళ తల మీదే ఉంది. ఆ రోజు నుంచి ఆకుపచ్చ అంటే నాకు కొంచెం భయం, కాబట్టి ఈ విషయంలో నా మాట కాస్త తగ్గించుకుని వినండి. కానీ మీ మైదానంలో ఎదురుగా ఎండిన గడ్డి, వెనక నల్లటి చెట్లు. ముదురు ఆకుపచ్చ చెట్లలో కలిసిపోతుంది, ఆవపిండి లాంటి పసుపు గడ్డిలో కలిసిపోతుంది. ప్రకృతి నుంచి తీసుకున్న రంగులను మళ్ళీ అదే ప్రకృతి ముందు నిలబెడితే మాయమైపోతాయి, మీ పనిలో ఉన్న తమాషా ఇదే.

సాయంత్రం అయ్యేకొద్దీ ఇంకో గొడవ. వెలుగు తగ్గేటప్పుడు మన కంటికి ఎరుపు త్వరగా నల్లబడిపోతుంది, నీలం, ఆకుపచ్చ ఇంకాసేపు తేలిగ్గా కనిపిస్తాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1819లోనే పూలను చూస్తూ దీన్ని గమనించాడు. మీ ఉత్సవం మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా అన్నారు కదా, ముదురు నేపథ్యం మీద ఎర్ర అక్షరాలతో "బయటికి దారి" అని పెడితే మూడింటికి మెరుస్తుంది, ఏడింటికి ఎవరికీ కనబడదు. అందుకే దారి బోర్డుల వరకు రంగును నమ్ముకోకండి, లేత, ముదురు తేడాను నమ్ముకోండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియనివాళ్ళు, అందులోనూ మగవాళ్ళు, మనం అనుకునేకంటే ఎక్కువ మందే ఉంటారు, వాళ్ళకూ ఇదే మేలు. అక్షరాల ఎత్తుకు పాత లెక్క ఒకటుంది, పది అడుగుల దూరానికి ఒక అంగుళం. వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాల అక్షరం కావాలి, ఇది విన్నప్పుడల్లా కమిటీలు నమ్మవు. నమ్మనవసరం లేదు, చూపించండి.

ఫ్లెక్స్ గురించి మీ బాధ నాకు అర్థమైంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యను. ఫ్లెక్స్ అంటే పాలిస్టర్ అల్లిక మీద పీవీసీ అనే ప్లాస్టిక్ పూత, ఆ రెండిటినీ విడదీయడం కష్టం కాబట్టి తిరిగి వాడుకోవడమూ కష్టమే. కానీ "ప్రకృతి స్ఫూర్తితో" అన్న మాటా, "పర్యావరణానికి మేలు" అన్న మాటా ఒకటి కావు. మొదటిది ఎలా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ఒక హామీ. రెండోది మీ డిజైన్‌లో ఎక్కడా రాయకుండా చూసుకుంటే మీరు అబద్ధం ఆడినట్టు కాదు. ఆ పైన మీ చేతిలో ఉన్నది చాలానే ఉంది. దారి బోర్డుల మీద సంవత్సరం, తేదీ వెయ్యకండి, వచ్చే ఏడూ అవే కట్టుకోవచ్చు. లోగోను ఒకే రంగులో, కత్తిరించిన అట్టలోంచి పెయింట్ కొట్టినా నిలిచేలా చెయ్యండి, అప్పుడు చెక్క మీదా గుడ్డ మీదా వేసుకోవచ్చు, ఫ్లెక్స్ తప్పనిసరి కాదు. బోర్డుల సంఖ్యే తగ్గించండి, ముప్ఫై అడిగితే సరైన చోట పన్నెండు చాలని చూపించండి, వాళ్ళకు ఖర్చూ తగ్గుతుంది కాబట్టి ఈ ఒక్క సలహా మాత్రం ఎదురు లేకుండా ఒప్పుకుంటారు. ఎండలో ఉండే పోస్టర్లలో పసుపు, గులాబీ ఇంకులు ముందు వెలిసిపోతాయి, పాత పోస్టర్లు నీలంగా మిగలడం మీరు చూసే ఉంటారు. మొదటి నుంచీ ఒక్క ముదురు రంగుతో చేస్తే ఆ గొడవ కూడా ఉండదు.

ఇప్పుడు మీరు అడిగిన మూడు దారులు.

చెప్పింది చెప్పినట్టు చేసి ఇచ్చేయడం. దీన్ని మీరు ఓటమిలా రాశారు, నేనలా చూడను. ఏడు వారాలే ఉన్నప్పుడు, డబ్బు సంగతి తేలనప్పుడు, వాళ్ళ బొమ్మను శుభ్రం చేసి, చెట్టూ గిటారూ మాత్రం ఉంచి మిగతావి తీసేసి ఇవ్వడం గౌరవమైన పనే. మనశ్శాంతి దక్కుతుంది, స్నేహం కూడా దాదాపు ఉన్నట్టే ఉంటుంది. నష్టం ఏమిటంటే మీరు ఆ పనిని ఎవరికీ చూపించుకోరు, వచ్చే ఏడు మళ్ళీ అడిగితే మళ్ళీ ఇదే వరస, ఈసారి వాళ్ళకు అలవాటు కూడా అయిపోతుంది. ఇంకొకటి, లోపల ఉక్రోషం పెట్టుకుని చేసే పని మీకు తెలియకుండానే చెడుతుంది. ఉక్రోషం లేకుండా చెయ్యగలననుకుంటేనే ఈ దారి.

మానేయడం. ఇప్పుడైతే మర్యాదగా మానేయొచ్చు, ఇంకో మూడు వారాలు ఆగితే అది నడి ఏట్లో వదిలేయడం అవుతుంది. మానేస్తే రంగుల సంఖ్యలు, ఫాంట్ల పేర్లు, ఇప్పటిదాకా గీసినవాటిలో వాళ్ళు వాడుకోవచ్చని మీరు అనుకున్నవి ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇచ్చేయండి. స్నేహం పోతుందా అంటే, కొన్నాళ్ళు ముభావంగా ఉంటుంది, పోకపోవచ్చు. లోపల కుళ్ళుకుంటూ చేసినా ఆ స్నేహం దెబ్బతింటుంది, కాకపోతే నెమ్మదిగా.

నిలబడటం. దీనికి నా ఓటు ఉంది, ఒక షరతు మీద. పద్నాలుగు లోగోల్లో ఒకదాని కోసం నిలబడకండి, పద్ధతి కోసం నిలబడండి. ఒక్క విడత మాత్రమే ఇంకా, ఒకే ఒక్క ప్రతిపాదన, నిర్ణయం చెప్పేది ఒక్క మనిషి. అయిదుగురి మధ్య పెట్టిన లోగో ఎవరికీ కోపం తెప్పించని లోగోగా తేలుతుంది, అంటే ఆకు. చివరి మాట ఎవరిదో వాళ్ళలో వాళ్ళు తేల్చుకుని చెప్పమనండి, అది మీ స్నేహితురాలే అయితే మరీ మంచిది. ఇందులో ప్రమాదం ఏమిటంటే ఆ ఒక్క ప్రతిపాదనా నచ్చకపోవచ్చు. అప్పుడు మొదటి దారికి వెనక్కి వస్తానని ముందే మీకు మీరు చెప్పుకోండి, వారం రోజులు పోతుంది, అంతే.

మీరు రాయని నాలుగో దారి ఒకటుంది, పని పంచుకోవడం. గుర్తు, రంగులు, దారి బోర్డులు మీవి, పోస్టర్ మాత్రం స్నేహితురాలి ఆలోచన ప్రకారం, కావాలంటే చేత్తో బొమ్మలు వేసే ఇంకెవరితోనైనా వేయించడం. పోస్టర్ నిండుగా, మిగతావన్నీ పొదుపుగా. ఈ రెండూ కొట్టుకోకుండా ఉండాలంటే రంగులు, ఫాంట్ ఒకటే అయ్యుండాలి, ఆ అదుపు మీ చేతిలో ఉండాలి. వాళ్ళకు కావలసిన నిండుదనమూ దొరుకుతుంది, బ్యాండ్ మీద మరకా పడదు. కొందరు దీన్ని రాజీ అంటారు, నాకైతే మొదటి రోజే ఇలా విడదీసుకుని ఉండాల్సిందనిపిస్తోంది.

ఏ దారి పట్టినా గ్రూపులో రాయొద్దు. స్నేహితురాలికి ఒక్కదానికే ఫోన్ చెయ్యండి, పగటిపూట. ఏం మాట్లాడాలో తోచకపోతే ఇలా: "నువ్వు పంపిన బొమ్మ చూసి మొదట చాలా చిన్నబుచ్చుకున్నాను, అబద్ధం చెప్పను. తర్వాత అందులో నీకేం నచ్చిందో తెలుసుకోవాలనిపించింది. ఒక సాయంత్రం నాతో మైదానానికి వస్తావా? ఇంకొక్కసారే చేసి చూపిస్తాను, మీలో ఎవరో ఒకరు అవునో కాదో చెప్పండి. డబ్బు సంగతి కూడా ఆ రోజే మాట్లాడేసుకుందాం, లేకపోతే నాకు మనసులో నలుగుతోంది." ఫోన్ పెట్టేశాక, అనుకున్నవి నాలుగు లైన్లలో ఆమెకు మెసేజ్‌గా రాయండి: ఏమేం చెయ్యాలి, ఎన్ని విడతలు, ఎవరు నిర్ణయిస్తారు, ఎంత, ఎప్పుడు. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మొహమాటపడకండి, మొహమాటం వల్లే కదా పద్నాలుగు లోగోల దాకా వచ్చింది.

మైదానానికి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో బొమ్మలు కాదు, కాగితాలు పట్టుకెళ్ళండి. మామూలు ఏ4 కాగితాలు చాలు, మూడు రకాల రంగుల జతలు: మీరు అనుకున్నది, వాళ్ళు అడిగిన ఆకుపచ్చ, ఉత్త నలుపు తెలుపు. చెట్ల వరసకు ఆనించి ఒకటి, గడ్డి వైపు ఒకటి చొప్పున అంటించి, వంద అడుగులు నడిచి వెనక్కి తిరిగి ఇద్దరూ చూడండి. అయిదున్నరకు ఒకసారి, చీకటి పడేటప్పుడు ఇంకోసారి. మధ్యలో ఖాళీగా ఉండే ఆ గంటన్నరలో చెరువు గట్టు మీద కూర్చుని తూనీగలు చూపించండి, రెక్క మీద మచ్చ ఉందో లేదో ఆమెనే వెతకమనండి. టేపు మాత్రం గట్టిది తీసుకెళ్ళండి, ఆరుబయట సాయంత్రం గాలికి కాగితాలు నిలవవు.